ముందిరుసు

పాతపట్నం రైలుగేటు దాటేక కుడిచేతి పక్క
రెండు తాటిదూలాల మీద రేకులు పరిచిన నీడ.
దాని కింద, ముందుచక్రాలు లేకుండా,
లేవబోతూ మోకాళ్ళ మీదే ఆగిపోయిన ఆవులా
మలేరియా డిపార్ట్‌మెంటు జీపు.

వేలంలో ఇనుము లెక్కన కొన్నాను దీన్ని, కిలోకింత అని.
రసీదులో బండి అని కూడా రాయలేదు వాళ్ళు.
తొమ్మిది వందల ఎనభై కిలోలు, అంతే.

తవుడు మేస్త్రి నవ్వేడు.
"నాను మరి? నన్నూ అలాగే కొన్నారు.
నాకు ముందు ముగ్గురు పోయేరంట.
పుట్టిన మూడోనాడు పక్కింటోలికి ఇచ్చీసి
సేటెడు తవుడు పోసి మాయమ్మ మళ్ళా కొనుక్కుంది.
తూకానికి కొన్నవి గట్టిగుంతాయమ్మా."

నాలుగు రోజులు విప్పడమే పని.
నట్లు రావు. కిరసనాయిలు పోసి రాత్రంతా నానబెట్టి
పొద్దున్నే స్పానరుకి పైపు తొడిగి ఇద్దరం వేలాడితే
కీచుమని ఒక్కటి వదిలింది.
డ్రమ్ము ఊడదీస్తే లోపల
కొండదారి ఎర్రమట్టి, బిళ్ళలు కట్టి.
షూలు అరిగిపోయి రివెట్లే ఇనుముని గీకిన గీతలు.
సిలిండర్లో రబ్బరు, వేలు తగిలితే
నల్లటి జున్నులా విడిపోయింది.
దీన్ని నమ్ముకుని ఎంతమంది మెళియాపుట్టి వైపు కొండలు దిగేరో.
లాగుబుక్కులో "బ్రేకులు బలహీనం" అని
పదకొండుసార్లు రాసింది నేనే.
పైనుంచి ఒక్క జవాబూ రాలేదు.

నకిల్ విప్పినప్పుడు మాత్రం
మేస్త్రి చాలాసేపు మాట్లాడలేదు.
కింగుపిన్ను దగ్గర, షిమ్ములుండాల్సిన చోట
కొబ్బరినూనె డబ్బా రేకు,
కత్తిరించి చిల్లులు పెట్టిన రెండు ముక్కలు.
ఒకదాని అంచున ఆకుపచ్చ ఇంకా ఉంది,
సగం కొబ్బరిమట్ట.
బొటనవేలితో గ్రీజు తుడిచి వెలుతురుకి పట్టి
"ఎడంసేతి కత్తిరింపు" అన్నాడు.
మేస్త్రిది ఎడంచెయ్యి.

పదిహేనేళ్ళ గుంటడప్పుడు
పర్లాకిమిడి షెడ్డులో, ఉస్తాదు లేని పూట
డ్రైవరు తొందరపెడితే వేసేడట.
"తప్పే" అన్నాడు. కాసేపాగి,
"గానీ మోసింది."
పారెయ్యలేదు వాటిని. దాచుకోనూ లేదు.
పాత ప్లగ్గుల డబ్బా మీద పెట్టేడు.
ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

బేరింగులు విశాఖ నుంచి వచ్చేయి, నూనెకాగితం చుట్టుకుని.
షిమ్ము వేసి బిగించి, చేత్తో తిప్పి చూసి,
మళ్ళీ విప్పి, ఇంకోటి తీసి...
మరీ బిగిస్తే స్టీరింగు మొండికేస్తుంది,
వదులైతే నలభై దాటగానే చక్రాలకి మలేరియా.
ఎంత బిగువో చూసే సాధనం షెడ్డులో లేదు.
పరిగెత్తి నీలమ్మనడిగి తెచ్చేను
చేపలు తూచే కొక్కెం కాటా.
పొలుసులంటిన కొక్కేన్ని నకిల్ చేతికి తగిలించి
మెల్లగా లాగేడు. ముల్లు కదిలింది, రెండు, మూడు.
నాలుగున్నర దగ్గర
నకిల్ ఒళ్ళు విరుచుకుని తిరిగింది.
"మంచి సేప" అన్నాడు.
మర్నాడంతా నీలమ్మ ఒకటే గొడవ,
నా కాటాకి ఈ నల్లమసేటని.

ఆఖర్న బ్రేకుల్లో గాలి తియ్యడం.
నేను సీట్లో, అతను కింద.
నా పాదానికీ అతని స్పానరుకీ నడుమ
ఒక సన్నటి గొట్టం, దాన్లో నూనె.
"తొక్కు."
తొక్కేను.
"పట్టు."
సీసాలో బుసబుసా నురగ.
"ఒగ్గీ."
మళ్ళా తొక్కు. పట్టు. ఒగ్గీ.
పిక్క నొప్పెట్టింది. గుణుపురం రైలు వచ్చి పోయింది.
తొక్కు. పట్టు.
ఎన్నోసారో, పెడలు సగంలో ఆగింది,
కిందనుంచి ఎవరో అరచెయ్యి అడ్డం పెట్టినట్టు.
నేనింకా ఏమీ అనలేదు.
"తగిలిందా?" అన్నాడు.

చీకటి పడుతుండగా గేటు దాకా తోలేను.
బ్రేకు వేస్తే ఆగింది. నిజంగా ఆగింది.
కొంచెం ఎడమకి లాగింది.
మేస్త్రి తల బయటికి పెట్టి చక్రం చూసి
చెవి వెనక బీడీ తీసి
"ఎడమకి లాగకేటి మరి" అన్నాడు.
నవ్వేడో లేదో కనిపించలేదు.
"రేపు సూద్దాం."